ఇనుమునకు త్రుప్పు: డెల్టా రైతు తెలిసికొనవలసిన సంగతులు

మన డెల్టా రైతు చీడలను గూర్చియు, వరదలను గూర్చియు, ధాన్యపు ధరలను గూర్చియు నిత్యము ఆలోచించుచుండును. ఇనుమునకు పట్టు త్రుప్పును గూర్చి ఆలోచించువాడు అరుదు. పశువుల కొట్టములో మూలబడిన కొడవలి, గట్టున నిలిపిన పంపు, ఇంటి శ్లాబులోని చువ్వ, గోదాముమీది రేకు, కాలువ లాకు తలుపు, ఊరిక్రింద పోవు గ్యాసు గొట్టము, వీనినన్నిటిని ఒక్కటే వ్యాధి తినుచున్నది. చీడ పట్టిన చేను కంటికి కనబడును. త్రుప్పు పట్టినది అనేక పర్యాయములు విఱిగిపడిన పిమ్మటగాని కనబడదు. ఆ వ్యాధి యెట్లు పుట్టుచున్నదో, దానిని ఎంతవఱకు ఆపవచ్చునో మన సంఘ సభ్యుల కొఱకు ఇచట వివరించుచున్నాము.

ఖర్చులేని పరీక్ష యొకటి గలదు. బడికి పోవు పిల్లలచేత ఇంటివద్దనే చేయింపవచ్చును. నాలుగు గాజుసీసాలను, మెఱయుచున్న నాలుగు క్రొత్త ఇనుపమేకులను తీసికొనుడు. మొదటి సీసాలో మేకు వేసి సగమువఱకు మంచినీరు పోయుడు. రెండవదానిలో, బాగుగా కాగి తెర్లిన నీటిని నిండుగా పోసి, మీద వేలెడు మందము నూనె తేల్చి మూత బిగింపుడు. నీరు తెర్లునపుడు అందులో కరగియున్న గాలి వెడలిపోవును, నూనె క్రొత్త గాలిని రానీయదు. మూడవదానిలో నీరు పోయక, పొడిసున్నపురాయి ముక్కలు కొన్ని వేసి మూత పెట్టుడు. ఆ రాయి సీసాలోని చెమ్మను పీల్చుకొనును. నాలుగవదానిలో ఉప్పునీరు పోయుడు. వారము దినముల పిమ్మట చూచినచో మొదటిదానిలో ఎఱ్ఱని త్రుప్పు, నాలుగవదానిలో అంతకంటె ముందుగను అధికముగను త్రుప్పు కనబడును. గాలిలేని నీటియందును, నీరులేని గాలియందును మేకులు ఇంచుమించు పెట్టినట్లే యుండును.

ఇందువలన తేలిన దేమనగా, ఇనుమును చెఱచునది నీరు మాత్రమే కాదు, గాలి మాత్రమే కాదు. గాలిలోని ప్రాణవాయువును, నీరును రెండును కూడవలెను. ఉప్పు త్రుప్పును పుట్టించునది కాదు, దానికి పరుగు నేర్పునది.

ఉప్పు ఏల అట్లు చేయుననుటకు లోపల జరుగు వ్యవహారమును కొంచెము తెలిసికొనవలెను. మేకు ఒక్కటే ముక్కగా కన్పించినను దాని మీద అన్ని చోట్లును సమానములు కావు. చెమ్మ తగిలినపుడు ఒకచోట ఇనుము నీటిలోనికి కరగిపోవును. అట్లు కరగుచు విద్యుత్కణములను లోహములో విడిచిపోవును. ఆ కణములు లోహము వెంబడి నడచి, గాలి బాగుగా తగులు మఱియొక చోటికి పోయి, అచటి ప్రాణవాయువుతోను నీటితోను కలిసి క్షారమును కలిగించును. కరగిన ఇనుమును, ఈ క్షారమును, మఱికొంత ప్రాణవాయువును నీటిలో కలిసికొన్నచోట ఎఱ్ఱని పొడి యేర్పడును. ఆ పొడియే త్రుప్పు. అనగా త్రుప్పు పట్టుచున్న ప్రతి మేకును ఒక చిన్న బ్యాటరీవంటిదే. టార్చిలైటులో మఱచి విడిచిన పాత బ్యాటరీయొక్క జింకు తొడుగు తినబడి లోపలి ద్రవము కారుట మీరెఱిగినదే, అదియు నిట్టిదే. మంచినీటియందు విద్యుత్తు మందముగా ప్రసరించును. ఉప్పు కలిసిన నీటియందు సులభముగా ప్రసరించును. కావున బ్యాటరీ బలముగా పనిచేయును, ఇనుము త్వరగా కరగును. అంతేకాదు, ఉప్పులోని క్లోరైడు అను భాగము, కొన్ని లోహములపై సహజముగా నేర్పడు రక్షణపు పొరను ఛేదించును.

ఇందులో ఒక వింత గలదు. సామాన్యముగా గాలి యెక్కువ తగిలినచోట త్రుప్పు ఎక్కువయని తలంతుము. కాని ఒకే వస్తువునందు కొంతభాగము గాలికిని, కొంతభాగము గాలి యాడని చోటను ఉన్నప్పుడు, తినబడునది గాలి యాడని భాగమే. అతుకుల సందులలో, అంటుకొన్న బురద క్రింద, తడిసిన గోనె క్రింద, బోల్టు తల అడుగున గుంటలు పడుట ఇందువలననే. దమ్ముచేసి వచ్చిన ట్రాక్టరు చక్రములకు పేడవలె అంటుకొన్న రేగడిమట్టిని ఎండనిచ్చి, దానియంతట అదే రాలిపోవునని విడిచిపెట్టువారు కలరు. ఆ మట్టిపెళ్ళ క్రిందనే ఇనుము పుండుపడుచున్నదని వారెఱుగరు. దమ్ము ముగిసిన దినముననే కాలువనీటితో కడిగి, ఎండలో ఆఱనిచ్చి, బేరింగులకు గ్రీజు పెట్టుటకు పట్టు కాలము అరగంటకు మించదు.

పాతకాలపు రైతు ఈ రసాయన శాస్త్రమును చదివినవాడు కాడు. అయినను వ్యవసాయపు రోజులు ముగిసినంతనే కఱ్ఱును తుడిచి, ఆముదము పూసి అటకమీద పెట్టెడివాడు. నూనె నీటిని అంటనీయదు; వంటయింటి అటకమీద చెమ్మ నిలువదు. ఇంతకంటె మంచి ఉపాయమును నేటి పుస్తకములును చెప్పజాలవు. వాడుకలోనున్న కఱ్ఱు త్రుప్పు పట్టదని యొక నమ్మకము గలదు. అది సగమే సత్యము. త్రుప్పు దానికిని పట్టును, కాని దున్నునపుడు మట్టి రాపిడికి ఎప్పటికప్పుడు ఊడిపోవును, క్రింది క్రొత్త ఇనుము మెఱయును. ఆ మెఱుపు వెనుక ఇనుము తఱుగుచునే యున్నది.

పూర్వపు ఇనుమునకు త్రుప్పు లేదనియు, ఢిల్లీలోని ఇనుపస్తంభమే అందులకు సాక్ష్యమనియు వాదించు పెద్దలు కలరు. ఆ స్తంభము ఇంచుమించు 1600 సంవత్సరములనుండి నిలిచియున్న మాట నిజము. కాన్పూరు ఐఐటీలో ఆచార్యుడుగా నుండిన బాలసుబ్రహ్మణ్యము గారు దానిని పరిశోధించి, కఱ్ఱబొగ్గుతో కరగించిన ఆ ఇనుమునందు భాస్వరము అధికముగా నుండుటచేత, పైని ఒక పలుచని గట్టిపొర యేర్పడి లోపలి లోహమును కాపాడుచున్నదని వివరించిరి. ఢిల్లీ గాలిలో చెమ్మ తక్కువ. సముద్రపు టుప్పు లేదు. నేలలో పాతిపెట్టబడిన ఆ స్తంభపు అడుగుభాగమునకు మాత్రము త్రుప్పు పట్టియేయున్నది. అదే స్తంభమును అంతర్వేదిలో వసిష్ఠ సముద్రమున కలియుచోట నిలిపియుండినచో దాని కీర్తి యింతగా నుండెడిది కాదని మా అభిప్రాయము.

మన ప్రాంతమున ఈ వ్యాధి కెన్ని అనుకూలము లున్నవో చూడుడు. సముద్రజలమునందు లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పు గలదు. అలలు విఱిగినపుడు లేచు తుంపురులను గాలి లోపలి గ్రామములవఱకు మోసికొని వచ్చును. వేసవిలో నదీముఖములందు ఉప్పునీరు పైకి ఎక్కును. తీరపు మండలములలో భూగర్భజలమే ఉప్పన. ఈ ముప్పది నలువది సంవత్సరములలో రొయ్యల చెఱువులు వచ్చి, ఉప్పునీటిని మనమే ఊరి నడుమకు తోడుకొని వచ్చితిమి. చెఱువులో తిరుగు ఏరేటరు ఆ నీటిని రాత్రింబవళ్లు చిమ్ముచుండును. చిమ్మిన తుంపురలో ఉప్పును, ప్రాణవాయువును, నీరును మూడును సిద్ధముగా నుండును. అట్టి చెఱువు ప్రక్క మోటారు పెట్టె, కరెంటు స్తంభపు ఇనుపబద్ద, షెడ్డు రేకు, లోపలి గ్రామములలో వలె మన్నునని ఎదురుచూచుట వ్యర్థము. చెఱువున్నవారు మాత్రమే కాక ప్రక్క చేలవారును దీని ఫలము ననుభవించుచున్నారు.

ఇక నివారణోపాయములు. వానిలో శ్రేష్ఠమైనది జింకు పూత. సంతలో దొరకు జింకు రేకు గీతపడినను గీతయొద్ద ఇనుమునకు వెంటనే త్రుప్పు పట్టదు. కిరసనాయిలు డబ్బావంటి తగరపు పూతగల రేకు గీతపడినచో ఆ గీతనుండియే త్రుప్పు ప్రాకును. రెండును తెల్లని పూతలే, రెండును ఇనుముపై పూసినవే. ఈ భేద మేల? రెండు లోహములు తడిలో ఒకదానినొకటి తాకియున్నప్పుడు, ముందుగా కరగు స్వభావము గలది కరగి రెండవదానిని కాపాడును. జింకు ఇనుముకంటె ముందు కరగును. ఇనుము తగరముకంటె ముందు కరగును. కావున జింకు తాను నశించి ఇనుమును నిలుపును. తగరము తనను తాను నిలుపుకొని ఇనుమును బలిచేయును. తగరపు పూత చెక్కుచెదరనంతవఱకే ఉపయోగము.

ఈ సూత్రమును మొదట పెద్దయెత్తున ప్రయోగించినవాడు ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు హంఫ్రీ డేవీ. 1824లో ఆయన, యుద్ధనౌకల అడుగున కొట్టిన రాగిరేకులు సముద్రజలమందు తినబడకుండ, వానికి చిన్న జింకు ముక్కలనో ఇనుప ముక్కలనో తగిలించు ఉపాయమును చెప్పెను. రాగి చెడుట ఆగెను. కాని కరగుచున్న రాగి విషమువలననే అంతవఱకు ఓడకు అంటకుండిన నత్తలు, నాచు, రాగి కరగుట మానినంతనే దట్టముగా పట్టి నౌకల వేగము తగ్గెను! నౌకాధికారులు ఆ పద్ధతిని విరమించుకొనిరి. సూత్రము మాత్రము నిలిచినది. నేడు ఉక్కు ఓడలకును, భూమిలో పాతిన గొట్టములకును ఇట్లే జింకు, మెగ్నీషియము దిమ్మలను తగిలించుచున్నారు.

కొబ్బరిచెట్టు మొవ్వుకుళ్ళునకు బోర్డో మిశ్రమము పోయువారికి ఇదే సూత్రము మఱియొక రూపమున ఉపయోగపడును. నూఱు లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తము, ఒక కిలో సున్నము కలుపుట వాడుక. మైలుతుత్తపు నీటిని ఇనుపబొక్కెనలో కలుపరాదని చెప్పుట అందఱును వినియుందురు. కారణమేమనగా, ఇనుము కరగి నీటిలోనికి పోవును, నీటిలోని రాగి వచ్చి బొక్కెనకు పూతవలె అంటుకొనును. మందు బలము పోవును, బొక్కెనకు చిల్లి పడును. ఈ దోషమునే గుణముగా మార్చుకొను మంచి పరీక్షయు గలదు. మిశ్రమము సిద్ధమైన తరువాత శుభ్రముగా నూఱిన చాకును అందులో కొంచెముసేపు ముంచి తీయుడు. చాకుపై ఎఱ్ఱని రాగిచాయ యేర్పడినచో సున్నము చాలలేదని అర్థము. అట్టి మందు లేత మొవ్వును మాడ్చును. మఱికొంత సున్నపుతేట పోసి, చాకు తెల్లగా వచ్చువఱకు పరీక్షింపవలెను. కలుపుటకు మట్టికాగు, కఱ్ఱతొట్టి, ప్లాస్టికు పీపా మంచివి.

రాగి యిత్తడులకు పట్టు ఆకుపచ్చని చిలుమును గూర్చి మన గృహిణులకు మేము చెప్పవలసిన దేమియు లేదు. చింతపండుతో తోముటయు, కళాయివానిచేత నవసాగరముతో శుద్ధిచేయించి తగరము పూయించుటయు వారెఱిగిన విద్యలే. ఆవకాయను జాడీలో గాక ఇనుపపాత్రలో ఊరబెట్టు గోదావరి గృహిణిని మేమింతవఱకు చూచియుండలేదు.

ఇప్పుడు ఇంతకంటె గంభీరమైన విషయమునకు వత్తము. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున, నాడు తూర్పుగోదావరి జిల్లాలోను, 2022 నుండి కోనసీమ జిల్లాలోను ఉన్న మామిడికుదురు మండలపు నగరము గ్రామమున, గెయిల్ సంస్థవారి గ్యాసు గొట్టము పగిలి మంటలు లేచినవి. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లు, దుకాణములు, కొబ్బరితోటలు దగ్ధమైనవి. ఆ గొట్టము తాటిపాకనుండి కృష్ణాతీరమందలి కొండపల్లి విద్యుత్కేంద్రమువఱకు గ్యాసు తీసికొనిపోవునది. 18 అంగుళముల వ్యాసము గలది. అది పగులుటకు హేతువు లోపలి త్రుప్పు అని విచారణలో తేలినది.

ఉక్కు గొట్టము లోపల త్రుప్పు పట్టు టెట్లు? అచట ప్రాణవాయువు లేదు గదా యని సీసాల పరీక్ష చేసిన బాలుడు అడుగవచ్చును. చక్కని ప్రశ్నయే. భూమినుండి వచ్చు సహజవాయువునందు నీటి ఆవిరియు, బొగ్గుపులుసు వాయువును కొంత కలిసియుండును. గొట్టములో పోవుచు గ్యాసు చల్లబడినపుడు ఆ ఆవిరి నీరై అడుగున చేరును. పల్లపుచోట్ల నిలుచును. ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు కరగినప్పుడు, సోడాబుడ్డిలోనివంటి పులుసునీ రగును. నాలుకకు అది రుచియేగాని, ఉక్కునకు ఆమ్లము. ఆమ్లమందు ఇనుము కరగుటకు ప్రాణవాయువుతో నిమిత్తము లేదు. అధికపీడనమున గ్యాసు పోవు గొట్టములో ఈ ఆమ్లము అడుగుభాగమును గుంటలు గుంటలుగా తొలుచును. పైనుండి చూచినచో గొట్టము దృఢముగానే కనబడును. పల్చబడిన చోట ఒకనాడు పీడనమునకు ఓర్వలేక పగులును.

భూమిలోని గొట్టములకు పైని తారువంటి పూతలు పూయుదురు. విద్యుత్తును పంపియో, ముందు చెప్పిన మెగ్నీషియపు దిమ్మలను తగిలించియో కాపాడుదురు. ఈ రక్షణ యంతయు వెలుపలి మట్టినుండి. లోపలి నీటికి ఇది యేమియు చేయజాలదు. దానికి మందు ఒక్కటే: గ్యాసును గొట్టములోనికి వదలకముందే దానిలోని నీటిని తీసివేయవలెను, అడుగున చేరినదానిని ఎప్పటికప్పుడు తుడిచివేయవలెను, గొట్టపు మందమును లోపలినుండి కొలుచు యంత్రములను పంపి పరీక్షింపవలెను. ఆరిన గ్యాసు కొఱకు ఏర్పఱచిన గొట్టములో తడిగ్యాసును పంపుటయు, తడిని తీయు ఏర్పాటు లేకపోవుటయు ఈ ప్రమాదమునకు మూలములని విచారణలో వెల్లడియైనవి.

ఇందులో రైతు పని యేమని అడుగవలదు. ఆ గొట్టములు పోవునవి మన చేలక్రింద, మన తోటలక్రింద. గొట్టము పోవు దారిని తెలుపు గుర్తుస్తంభములను పెఱికి గట్టు సరిచేసికొనువారు, దానిపై చెఱువు త్రవ్వువారు, తాడిదుంగ పాతువారు తమ ప్రాణమునకే గాక ఊరి ప్రాణమునకును ముప్పు తెచ్చువారు. వరిచేనిలో నిలిచిన నీటిలో బుడగలు వచ్చుచున్నను, ఒకచోట మాత్రమే పైరు లేక గడ్డి కారణము లేక ఎండుచున్నను, నేలనుండి బుసబుసమను ధ్వని వచ్చుచున్నను, వాసన తగిలినను, దగ్గఱకు పోక, నిప్పు వెలిగింపక, మోటారు స్విచ్చిని సైతము ముట్టక, గాలికి ఎదురుగా దూరముపోయి, గుర్తుస్తంభముపై వ్రాసియున్న ఫోను నెంబరునకు తెలుపవలెను. శుద్ధిచేయని గ్యాసునకు గాఢమైన వాసన యుండకపోవచ్చును. వాసన లేదుగావున గ్యాసు లేదని తలపరాదు. తెలిపినను కదలనివారిపై పంచాయతీ తీర్మానముచేసి కలెక్టరుగారికి వ్రాయుట గ్రామస్థుల హక్కు.

నీటి పారుదల విషయమును ఇంతకంటె తక్కువది కాదు. 1847లో మొదలై 1852లో పూర్తియైన కాటను దొరగారి ఆనకట్ట రాయి, సున్నముల పని. దాని స్థానమున వచ్చిన నేటి బ్యారేజికి ధవళేశ్వరము వైపు 70, ర్యాలి వైపు 43, మద్దూరు వైపు 23, విజ్జేశ్వరము వైపు 39, వెరసి 175 ఉక్కు గేట్లు గలవు. డెల్టా పంట యంతయు వానిపై ఆధారపడియున్నది. గేటునకు తడియు, పొడియు మార్చి మార్చి తగులుచుండును. నీటిమట్టము ఆడుచోట త్రుప్పు అధికము. ఎత్తు దింపు గొలుసులయందును త్రాళ్లయందును, లింకునకు లింకు రాచుకొనుచోట పూత నిలువదు.

గొలుసు తెగినచో ఏమగునో తుంగభద్రవారిని అడుగవలెను. 1953లో పూర్తియైన ఆ ఆనకట్టయొక్క 19వ గేటు 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి గొలుసు తెగి కొట్టుకొనిపోయినది. నిండిన జలాశయము కండ్లయెదుట ఖాళీయగుచుండ కర్ణాటక, రాయలసీమ, తెలంగాణ రైతులు వారము దినములు కంటికి కునుకులేక గడపిరి. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి ఆధ్వర్యమున ప్రవహించు నీటిలోనే అడ్డుపలకలను దింపి ప్రవాహమును ఆపుట యొక సాహసకార్యము. తరువాత నిపుణుల సంఘము పరీక్షించి, ఆ యొక్క గేటు మాత్రమే కాదు, మొత్తము 33 గేట్లను మార్చవలసినదే యని తేల్చినది. అందువలన 2025లో జలాశయమును పూర్తిగా నింపక 80 టీఎంసీల యొద్దనే నిలిపిరి. గేట్లకు రంగు వేయుట, గ్రీజు పెట్టుట బడ్జెటులో చిన్న పద్దులు. కోతపెట్టుటకు అధికారులకు ముందుగా కంటబడునవియు అవియే. నీటివినియోగదారుల సంఘములలో సభ్యులైనవారు కాలువ క్రొత్తపనులను మాత్రమే అడుగక, తమ లాకుల తలుపులకు, తూముల మరలకు గత వేసవిలో రంగు పడినదా లేదా యని అడుగుట నేర్చుకొనవలెను. కాలువలు కట్టివేయు రోజులే అందులకు తగిన కాలము.

శ్రద్ధతో కాపాడినచో ఉక్కు ఎంతకాలము మన్నునో రాజమహేంద్రవరమునకు పోయి చూడవచ్చును. 150 అడుగుల కండ్లు 56 గల హేవలాకు వంతెనను 1897లో ఆరంభించి 1900లో రైళ్లు నడిపిరి. గోదావరి గాలికిని వరదలకును ఎదురై అది 1997వఱకు, అనగా ఇంచుమించు నూఱేండ్లు బండ్లను మోసినది.

ఇండ్ల శ్లాబుల మాట. తీరగ్రామములలో పదునైదు ఇరువది ఏండ్లకే శ్లాబు అడుగున పెచ్చులూడి, ఎఱ్ఱని చువ్వలు బయటపడుట సామాన్యమైనది. మంచి కాంక్రీటులోని సున్నపుగుణము, అనగా క్షారగుణము, ఇనుముపై కంటికి కనబడని పొర నేర్పఱచి దానిని కాపాడును. ఉప్పు చేరినచో ఆ పొర తెగును. త్రుప్పు, తాను పుట్టిన ఇనుముకంటె ఎన్నియో రెట్లు స్థలము నాక్రమించును. లోపల ఉబ్బిన త్రుప్పు కాంక్రీటును పగులదీసి పెచ్చులుగా ఊడ్చును. ఉప్పు ఎట్లు చేరినది? కొంత సముద్రపు గాలివలన. కాని చాలచోట్ల యజమాని తానే చేర్చినాడు. బండి బాడుగ కలిసివచ్చునని సముద్రపు టిసుకను తోలించినవారును, నదీయిసుకలో దానిని కలిపి అమ్మినను చూడనివారును, బోరులోని ఉప్పునీటితో కాంక్రీటు కలిపి ఆ నీటితోనే తడిపినవారును కలరు. చువ్వలుగల కాంక్రీటునకు వాడు నీటిలో, లీటరుకు క్లోరైడులు 500 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ప్రమాణము. సముద్రజలమున అవి ఇంచుమించు 19,000 మిల్లీగ్రాములు. ఉప్పన తెలియుచున్న బోరునీటిని పరీక్షింపనిదే వాడరాదు. కాలువనీరు తేర్చి తోలించుకొనుట మేలు.

రెండవ లోపము, చువ్వక్రింద కాంక్రీటు మందము చాలకపోవుట. తాపీపనివాడు చువ్వలను పలకపైననే పఱచి కాంక్రీటు పోసినచో అడుగున అర అంగుళమైనను ఉండదు. క్రింద సిమెంటు దిమ్మలను వరుసగా పెట్టించి, తీరప్రాంతమున దూలములకును స్తంభములకును తగినంత మందము ఉండునట్లు యజమాని దగ్గఱనుండి చూచుకొనవలెను. కాంక్రీటు పోసిన తరువాత చూచుటకు వీలులేదు. పెచ్చులూడిన శ్లాబునకు అడుగున సిమెంటు పూత పూయించి రంగు వేయుట, గాయమును కడుగక కట్టుకట్టుట వంటిది. త్రుప్పు లోపల నడచుచునే యుండును; క్రొత్తపూత బరువుతో సహా ఒకనాడు మంచముపై పడును. చువ్వ వెనుకవఱకు చెడిన కాంక్రీటును కొట్టి తీసి, చువ్వను తళతళలాడునట్లు గీకి, సన్నబడినదానికి తోడు చువ్వ కట్టి, పిమ్మటనే పూడ్పవలెను. చువ్వలు సగము తినబడినచో ఇంజనీరునకు చూపక ఆ గదిలో పిల్లలను పరుండబెట్టరాదు.

మన సంఘముల గోదాములను గూర్చి రెండు మాటలు. పొటాషు ఎరువు ఒక విధమైన ఉప్పే. అది చెమ్మ పీల్చి కరగి కారినచోట కాటా పళ్లెము, తలుపు పట్టాలు, రేకుగోడ అంచు తినబడును. బస్తాలను గోడకు అడుగెడము, నేలకు కఱ్ఱబల్లల యెత్తు ఎడము పేర్చవలెను. కాటాను ఎరువుల గదిలో విడువరాదు. త్రుప్పు పట్టిన కాటా తూకము తప్పినచో నష్టము సంఘమునకో సభ్యునకో, తగవు మాత్రము ఇరువురకు. కప్పు రేకులు బాగుగానే యున్నవని క్రిందినుండి చూచి సంతోషింపవలదు. రేకును పట్టియుంచు కొక్కెపు బోల్టులు, వాషరు క్రింద తడి నిలిచి, సన్నబడియుండును. 1996 నవంబరు 6న కోనసీమపై పడిన తుపాను వంటి గాలికి రేకు చిరుగకముందే బోల్టు తెగును. ఏటేట తుపానుల కాలమునకు ముందు నాలుగైదు బోల్టులను విప్పి చూడుడు. మెడ సన్నబడియున్నచో ఆ వరుస యంతయు మార్పింపుడు.

రంగు వేయించునపుడు త్రుప్పుపైననే వేయించుట డబ్బు నీటబోయుటయే. గీకి, ఉప్పు పోవునట్లు మంచినీట కడిగి, ఆఱిన పిమ్మట ఆ దినముననే రెడ్ ఆక్సైడు పూయించి, దానిపై రెండుమార్లు రంగు వేయింపవలెను. మబ్బు దినములలో ఆ పని పెట్టుకొనవద్దు.

కడపట, పంపుసెట్లున్న వారికి. స్టార్టరుయొద్ద రాగితీగను, అల్యూమినియపు తీగను కలిపి మెలిపెట్టుట మన పల్లెలలో నిత్యము చూచుచున్నాము. చెమ్మ తగిలినపుడు జింకు ఇనుములవలెనే ఇవి రెండును బ్యాటరీ యగును. అల్యూమినియము తినబడును, కీలు వదులగును, వేడెక్కును, మోటారు కాలును. రెండు లోహములు కలుచోట పెట్టుటకు, ఒకవైపు రాగి, ఒకవైపు అల్యూమినియము గల లగ్గులు విద్యుత్సామగ్రి దుకాణములలో దొరకును. దాని ఖరీదు మోటారు చుట్టించు ఖర్చుతో పోల్చిన లెక్కలోనికి రాదు. అమర్చువాడు విద్యుత్పని తెలిసినవాడై యుండవలెను. మెయిను తీసిన పిమ్మటనే చేయి పెట్టవలెను.